సిల్‌కు నాలుగు కోట్లు, మన ఊపిరికి కాగితం మాస్కా?



సల్మాబాద్‌లోనో, సిత్రాలోనో డెంటింగ్, పెయింటింగ్ చేసే మనవాళ్లకు కారు సిల్ అంటే ఏందో చెప్పక్కర్లేదు. తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా ఉండే పొడుగాటి రేకు. బహ్రెయిన్ చుట్టూ సముద్రమే. గాలిలో ఉప్పు, తేమ. కింద ఇసుక. సిల్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలు ఇసుకతో పూడుకుపోతే తడి లోపలే ఉండిపోతుంది, రేకును లోపలి నుంచే తింటుంది. పైన నల్లకోటు మాత్రం బాగానే కనపడుతుంది.

అలాంటి బండికి పని రెండు రకాలుగా చేస్తారు. తుప్పు మీదే పుట్టీ పెట్టి, నల్లకోటు కొట్టి సాయంత్రానికి తాళం ఇచ్చేయడం ఒకటి. అది కొన్నాళ్లకే పొంగి ఊడిపోతుంది. మెరిసే రేకు తేలేదాకా గీకి, పాడైన ముక్క కోసి కొత్తది వెల్డింగ్ చేసి, ప్రైమర్, జాయింట్లకు సీలర్, రాళ్ల దెబ్బకు ఆగే గరుకు కోటు, ఆపైన రంగు వేయడం రెండోది. లోపల వ్యాక్స్ కొట్టాలి, రంధ్రాలు తెరిచే ఉంచాలి. నిలబడే పని ఇదే.

సిల్‌కు ఇన్ని కోట్లు వేసే మనిషి ముక్కుకు ఏముంది? చాలాచోట్ల ఒక కాగితం మాస్కు, లేదంటే తలగుడ్డ. గీకేటప్పుడు లేచే దుమ్ముకు ఎన్95 పనికొస్తుంది. కానీ హార్డెనర్ కలిపి కొట్టే టూకే రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి ఆవిరిని కాగితం మాస్కు ఆపదు. వాసన రాలేదంటే ప్రమాదం లేదని కాదు. ఆ పనికి బయటి నుంచి మంచి గాలి వచ్చే మాస్కు, గాలి లాగే బూత్ కావాలి. ఐసోసయనేట్ల వల్ల ఆస్తమా రావచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది. డ్యూటీలో బాగానే ఉండి, రాత్రి రూములో దగ్గు, పిల్లికూతలు మొదలైతే అది ఏసీ చలి అనుకోవద్దు. దగ్గు మాత్ర మింగి పొద్దున మళ్లీ గన్ను పట్టుకోవడమంటే తుప్పు మీద పుట్టీ పెట్టడమే.

ఇంకో మాట. తుప్పు తిన్న సిల్ కింద జాకీ పెడితే రేకు కుంగి బండి మీద పడొచ్చు. గట్టి చోట స్టాండ్లు పెట్టకుండా కిందకు దూరవద్దు.

"అడిగితే పని పోతదేమో, అప్పు ఇంకా తీరలేదు" అనే భయం మాకూ తెలుసు. అందుకే ఒక్కరే అడగొద్దు, నలుగురు కలిసి మర్యాదగా అడగండి. రక్షణ సామాను ఇవ్వాల్సింది యజమానే, మన జీతంలోంచి కాదు. 2012 నాటి 36వ నంబరు కార్మిక చట్టం ప్రకారం, మూడు నెలల సర్వీసు నిండినవాళ్లకు డాక్టరు కాగితం ఉంటే ఏడాదికి 15 రోజులు పూర్తి జీతంతో, తర్వాత 20 రోజులు సగం జీతంతో సిక్ లీవు ఉంది. డాక్టరు దగ్గర "నేను కార్లకు స్ప్రే పెయింట్ కొడతాను" అని తప్పక చెప్పండి.

ఈ వారం ఒక్క పని చేయండి. మీరు వాడే హార్డెనర్ డబ్బా మీది లేబుల్ ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. ఏం పీలుస్తున్నామో ముందు అందరం తెలుసుకుందాం.

కారుకు సిల్ పోతే కొత్త రేకు దొరుకుతుంది. ఊపిరితిత్తులకు స్పేర్ పార్టు ఏ గ్యారేజీలోనూ లేదు.