ఆకు కోసం ముప్పై ఏళ్లు

మన సంఘం సమావేశాల్లో మద్దతు ధర గురించి, అప్పుల గురించి, కరెంటు కోతల గురించి గంటల తరబడి మాట్లాడుకుంటాం. పరిశోధన అనే మాట మాత్రం అరుదుగా వినిపిస్తుంది. అది పెద్ద చదువులవాళ్ల వ్యవహారమని వదిలేశాం. మనం వదిలేసిన చోట కంపెనీలు కూర్చున్నాయి. అందుకే ఈ నెల ఒక శాస్త్రవేత్త గురించి రాస్తున్నాను. ఆయన కొత్త విత్తనం తీయలేదు, కొత్త ఎరువు కనిపెట్టలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఆకు లోపల ఏం జరుగుతుందో చూస్తూ గడిపారు. ఆ పని మన జొన్న చేనుకు, వరి మడికి, మన సంఘం డిమాండ్లకు ఎలా సంబంధమో చెప్పడమే నా ఉద్దేశం.

ఆయన పేరు హాల్ హ్యాచ్. 1932లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పుట్టారు. 1961లో బ్రిస్బేన్‌లోని ఒక చక్కెర కంపెనీ పరిశోధన కేంద్రంలో చేరారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన రోజర్ స్లాక్ అక్కడే ఆయనకు తోడయ్యారు. అప్పటికి అమెరికాలో మెల్విన్ కాల్విన్, ఆయన సహచరులు ఆకు చక్కెరను ఎలా తయారుచేస్తుందో వివరించారు. కాల్విన్‌కు 1961లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఇక ఆకు గురించి తెలుసుకోవాల్సిన పెద్ద సంగతి ఏదీ మిగల్లేదని చాలామంది అనుకున్నారు.

ఒక్క చెరకు మాత్రం ఆ లెక్కకు లొంగలేదు. హవాయిలో చెరకు తోటల యజమానుల సంఘానికి సొంత పరిశోధన కేంద్రం ఉండేది. అక్కడ హ్యూగో కోర్ట్‌షాక్ అనే శాస్త్రవేత్త చెరకు ఆకుకు రేడియోధార్మిక కార్బన్ ఉన్న గాలిని కొన్ని సెకన్లు అందించి, ఆ కార్బన్ ముందు ఎక్కడికి చేరుతుందో చూశారు. కాల్విన్ లెక్క ప్రకారం మొదట మూడు కార్బన్ల పదార్థం కనిపించాలి. చెరకులో నాలుగు కార్బన్ల ఆమ్లాలు కనిపించాయి. ఈ ఫలితాలు 1965లో అచ్చయ్యాయి. అంతకు ముందే, 1960లో, సోవియట్ యూనియన్‌లో యూరి కార్పిలోవ్ మొక్కజొన్నలో ఇలాంటిదే చూసి రాశారు. అది రష్యన్ భాషలో ఉండటంతో బయటివాళ్లు పట్టించుకోలేదు.

హ్యాచ్, స్లాక్ ఆ చిక్కుముడిని పట్టుకున్నారు. ఆకుకు కార్బన్ అందించడం, కొన్ని సెకన్లలోనే దాన్ని మరిగే ఆల్కహాల్‌లో వేసి చంపడం, లోపలి పదార్థాలను విడదీసి లెక్కపెట్టడం. ఇదే పని మళ్లీ మళ్లీ చేశారు. 1966లో మొదటి వ్యాసం వేశారు. చెరకు ఆకులో కార్బన్‌ను పట్టే దారే వేరని అందులో తేల్చారు. మొదట తయారయ్యే పదార్థంలో నాలుగు కార్బన్లు ఉంటాయి కాబట్టి దానికి సీ-4 అనే పేరు నిలిచింది. వరి లాంటి పంటలది సీ-3 దారి.

ఈ తేడా మనకు ఎందుకు? ఏప్రిల్ ఎండలో చేలోకి వెళ్లినవాళ్లకు తెలుసు. మడిలో నీళ్లున్నా మిట్టమధ్యాహ్నం వరి డీలా పడుతుంది. పక్క చేలో జొన్న నిలబడే ఉంటుంది. మన పెద్దలు దాన్ని జొన్న మొండితనం అన్నారు. ఆ మొండితనానికి కారణం ఆకు లోపల ఉంది.

ప్రతి పచ్చని ఆకులో రుబిస్కో అనే ఎంజైమ్ ఉంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి చక్కెర తయారీకి అందించేది అదే. దానికి ఒక బలహీనత ఉంది. ఒక్కోసారి కార్బన్ డయాక్సైడ్ బదులు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. దాన్ని సరిచేసుకోవడానికి మొక్క అప్పటికే సంపాదించిన కార్బన్‌లో కొంత వదులుకోవాలి. ఎండ ముదిరేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. వేడి ప్రాంతాల్లో వరి సంపాదనలో సుమారు నాలుగో వంతు ఇలా గాలికి పోతుంది.

జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్న, చెరకు ఈ నష్టాన్ని తప్పించుకున్నాయి. వాటి ఆకు బయటి కణాల్లో ఇంకో ఎంజైమ్ ఉంటుంది. అది ఆక్సిజన్ జోలికి పోదు. అది పట్టిన కార్బన్‌ను ఆకు నాలుగు కార్బన్ల ఆమ్లంగా మార్చి, ఈనె చుట్టూ ఉన్న లోపలి కణాల్లోకి చేరవేస్తుంది. అక్కడ కార్బన్ డయాక్సైడ్ విడుదలై చిక్కగా నిండుతుంది. ఆ చిక్కదనంలో రుబిస్కో దారి తప్పదు. మన భాషలో చెప్పాలంటే ఇది ఎత్తిపోతల పథకం. మోటారుకు కరెంటు ఖర్చయినట్టే ఈ పనికీ మొక్క అదనపు శక్తి ఖర్చు పెట్టాలి. అందుకే చలిలో, నీడలో దీనివల్ల లాభం ఉండదు. ఎండ దండిగా ఉన్న మన నేలలో మాత్రం ఇది వరం. ఆకు రంధ్రాలను సగం మూసుకున్నా పని నడుస్తుంది కాబట్టి నీరూ ఆదా అవుతుంది.

కలుపు సంగతీ ఇదే. మనల్ని ఏడిపించే తుంగ, గరిక, ఊద మూడూ సీ-4 మొక్కలే. సీ-3 పంట అయిన వరి, వేరుశనగ, పత్తి ఎండకు అలిసే వేళ అవి ఏపుగా పెరుగుతాయి. కలుపు తీయడం వారం ఆలస్యమైతే చేను ఎందుకు చేజారుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

హ్యాచ్ 1966తో ఆగిపోలేదు. ఒక వ్యాసం వేసి, పేరు తెచ్చుకుని, ఇంకో పనికి వెళ్లిపోలేదు. 1970లో కాన్‌బెర్రాలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓలో చేరి ఉద్యోగ జీవితం చివరిదాకా అదే ఆకు మీద పనిచేశారు. ఈ దారిలో పనిచేసే ఎంజైమ్‌లను ఒక్కొక్కటిగా పట్టుకున్నారు. సీ-4 దారి ఒక్కటి కాదు, అందులో మూడు రకాలున్నాయని ఆయన, ఆయన సహచరులు తేల్చారు. చెరకు, జొన్న, మొక్కజొన్న ఒక రకం. రాగి, గరిక ఇంకో రకం. 1991లో జపాన్ ఆయనకు అంతర్జాతీయ జీవశాస్త్ర బహుమతి ఇచ్చింది. అప్పటికి మొదటి వ్యాసం వచ్చి పాతికేళ్లు.

ఇది మనకు దూరపు కథ కూడా కాదు. 1970లలోనే తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆచార్య వి.ఎస్. రామదాస్, ఎ.ఎస్. రాఘవేంద్ర ఏయే మొక్కలు సీ-4 దారిలో నడుస్తాయో జాబితాలు తయారుచేసి ప్రపంచానికి అందించారు. మన పొన్నగంటి కూర సీ-3 మొక్క. దాని జాతి మొక్కల్లోనే కొన్ని సీ-3కీ సీ-4కీ నడిమధ్య ఉన్నాయని 1986లో రామదాస్ బృందమే చూపించింది. ఒక దారి నుంచి ఇంకో దారికి మొక్క ఎలా మారిందో తెలుసుకోవాలంటే ఇలాంటి నడిమి మొక్కలే ఆధారం. రాఘవేంద్ర తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఈ పని కొనసాగించారు. ప్రజల డబ్బుతో నడిచే విశ్వవిద్యాలయాల్లో, మన గట్ల మీది కలుపు మొక్కలతో జరిగిన పని ఇది.

హ్యాచ్ మొదలుపెట్టింది కంపెనీ ప్రయోగశాలలోనే కదా, ఇక కంపెనీలను తప్పుపట్టడం ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, అక్కడే మొదలైంది. కాని ఆ ఫలితం అందరూ చదివే పత్రికలో అచ్చయింది. తిరుపతిలో కూర్చున్నవాళ్లు కూడా దాన్ని చదివి, దాని మీద పని చేయగలిగారు. తర్వాతి ఇరవై ఏళ్ల పని ప్రభుత్వ సంస్థలో సాగింది. జీతం ఎవరిచ్చారన్నది ఒక ప్రశ్న అయితే, తేలిన జ్ఞానం ఎవరి చేతిలో ఉందన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

ఈ ప్రశ్న రేపు మన గుమ్మంలోకి వస్తుంది. వరిని సీ-4 దారిలోకి మార్చాలని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చొరవతో 2008 నుంచి పెద్ద ప్రయత్నం నడుస్తోంది. ఇప్పుడు దానికి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నాయకత్వం. ఆకు నిర్మాణమే మార్చాలి కాబట్టి పని కష్టం, ఇంకా రైతు దాకా రాలేదు. ఒకవేళ వస్తే, తక్కువ నీటితో ఎక్కువ పండే ఆ విత్తనం ఎవరి సొత్తు? బీటీ పత్తి అనుభవం మనకు ఉండనే ఉంది. 450 గ్రాముల ప్యాకెట్‌ను 1,600 రూపాయలకు పైగా అమ్మారు. అందులో ఎక్కువ భాగం టెక్నాలజీ రుసుమే. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్లి పోరాడితే 750కి దిగింది. వరిలో అలాంటి రోజు రాకూడదంటే ఇప్పుడే మేలుకోవాలి.

దుకాణాల్లో ఇంకో వ్యాపారం నడుస్తోంది. ఆకు మీద చల్లితే కిరణజన్య సంయోగక్రియ రెట్టింపవుతుందని చెప్పి రంగురంగుల సీసాలు అంటగడుతున్నారు. మా మండలంలో ఇలాంటి సీసాలకు వేలు పోసిన కౌలు రైతులున్నారు. బిల్లు అడిగితే ఇవ్వరు. ఇలాంటి బయోస్టిమ్యులెంట్లను కేంద్రం 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. అనుమతి ఉందా, బిల్లు ఇస్తారా అని అడిగే హక్కు మనకుంది. ముప్పై ఏళ్ల పరిశోధన చెప్పేదేమిటంటే, ఏ సీసా మందూ వరి ఆకును జొన్న ఆకుగా మార్చలేదు.

కాబట్టి మన సంఘం డిమాండ్లలో నాలుగు మాటలు చేరాలని కోరుతున్నాను.

ఒకటి, వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో, పరిశోధన స్థానాల్లో ఖాళీ పోస్టులను కాంట్రాక్టు మనుషులతో కాకుండా శాశ్వత నియామకాలతో నింపాలి. పదకొండు నెలల కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు ముప్పై ఏళ్ల ప్రశ్నను ఎలా పట్టుకుంటారు? వ్యవసాయ ఉత్పత్తి విలువలో పరిశోధనకు మన దేశం పెడుతున్నది ఒక్క శాతం కూడా లేదు.

రెండు, పరిశోధన భూముల జోలికి పోకూడదు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం భూమిలో 100 ఎకరాలను హైకోర్టు భవనాలకు కేటాయించినప్పుడు 2024లో విద్యార్థులు రోడ్డెక్కారు. అది విద్యార్థుల గొడవ అని మనం ఊరుకున్నాం. అది మన విత్తనాల గొడవ.

మూడు, ప్రజల డబ్బుతో తేలినది ప్రజలకే చెందాలి. విత్తనాన్ని దాచుకునే, మార్చుకునే, అమ్ముకునే హక్కును 2001 చట్టం రైతుకు ఇచ్చింది. మన పేటెంట్ చట్టం మొక్కలకు, విత్తనాలకు పేటెంట్ ఇవ్వనివ్వదు. ఈ రెండింటిలో ఒక్క అక్షరం సడలించినా ఒప్పుకోకూడదు.

నాలుగు, జొన్న, సజ్జ, రాగి, కొర్రలను మద్దతు ధరకు ఊళ్లోనే కొనాలి. ఎండకు, నీటి కరువుకు తట్టుకునే ఆకు మన దగ్గర ఇప్పటికే ఉంది. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపారు. సభలు జరిగాయి, కొనుగోలు కేంద్రాలు మాత్రం చాలా ఊళ్లకు రాలేదు. వరి మానమని చెప్పే అధికారి జొన్న ఎవరు కొంటారో కూడా చెప్పాలి.

వచ్చే మండల మహాసభల్లో ఈ నాలుగింటినీ తీర్మానాలుగా పెట్టండి. మీ దగ్గర్లో పరిశోధన స్థానం ఉంటే పదిమంది కలిసి వెళ్లండి. ఎన్ని పోస్టులు ఉన్నాయి, ఎంతమంది పనిచేస్తున్నారు, ఏ పంట మీద చేస్తున్నారు అని అడిగి రాసుకుని రండి. ఆ వివరాలను ఈ పత్రికకు పంపండి. జిల్లా కలెక్టరుకు ఇచ్చే వినతిపత్రంలో మొదటి పేజీ అదే కావాలి.