ఒకే అర్జీపై రెండు కలములు

దౌల్తాబాదునుండి సిద్దిపేటలోని సోమవారపు ప్రజావాణికి బయలుదేరు రైతు సంచిలో పాసుపుస్తకపు నకలుతోపాటు వెనుకటి అర్జీల రసీదులు కొన్ని మడతలు పడి యుండును. ఆ రసీదుపైని సంఖ్యయే నేడాతని మొరకు ఆనవాలు; కాగితము బీరువాలో నిద్రించుచున్నను, బల్లనుండి బల్లకు నడచునది కంప్యూటరులోని నమోదే. 2025 ఏప్రిలు 14న భూభారతి చట్టము అమలులోనికి వచ్చి, ఆ జూనులో ఊరూర రెవెన్యూ సదస్సులు జరిగిన పిదప ఇట్టి నమోదుల రాశి మరింత పెరిగినది. ఒక్క నమోదును ఇరువురు ఉద్యోగులు ఒకే వేళ తెరచి, ఎవరికి వారు దిద్దినచో ఏమగును?

నా అర్జీకి ఏమైనదో చెప్పెదను; కార్యాలయము పేరు అనవసరము. ఆపరేటరు నా నమోదును తెరచి, ఫోను నంబరులో తప్పిన అంకెను దిద్దబోవుచుండగా పై అధికారి పిలువగా లేచిపోయెను. ఆ నడుమ పక్కగదిలోని సర్వేయరు అదే నమోదును తెరచి, ‘విచారణలో’ అను మాటను తీసి ‘కొలత పూర్తి’ అని మార్చి, భద్రపరచి, ఇంటిదారి పట్టెను. ఆపరేటరు తిరిగి వచ్చి, అంకెను సరిచేసి, అరగంట క్రిందట తెరచిన పాత ప్రతినే సాంతముగా భద్రపరచెను. అంకె కుదిరినది, కొలత మాయమైనది. మూడు వారములకు పోయి అడుగగా ‘సర్వేయరు ఇంకా రాలేదు పెద్దాయనా’ అనిరి. నా గట్టుమీద గొలుసు లాగిన మనిషికి మజ్జిగ ఇచ్చినవాడను నేనే! ఎవరును అబద్ధమాడలేదు, చివర వ్రాసినదానినే నిలుపుమని నేర్పబడిన యంత్రము తన విధిని నెరవేర్చినది, అంతే.

పట్వారీల కాలమున ఈ చిక్కు లేకుండెను. పహాణీ ఒక్కటే, అది ఆయన బస్తాలోనే యుండుటచేత, ఆయన వ్రాయునంతసేపు మరియొకడు వ్రాయలేడు. (ఆయన ఏమి వ్రాసెనన్నది వేరు కథ.) కంప్యూటరులోను అట్టి తాళము వేయవచ్చును. 1994లో సికింద్రాబాదున మొదట నెలకొల్పబడిన ‘కన్సర్ట్’ రైల్వే రిజర్వేషను పద్ధతివంటి ఏర్పాటులలో ఒకే బెర్తును రెండు కిటికీలు అమ్మకుండుటకు క్షణకాలపు తాళము చాలును. కాని అర్జీని తెరచి భోజనమునకు పోయిన గుమాస్తా వేసిన తాళమునకు చెవి యెవరిని అడుగవలెను? ఆఫీసంతయు ఆయన టిఫిను డబ్బా మూత పడువరకు కాచుకొని యుండవలసినదే.

కావున 1981లో కుంగ్, రాబిన్సన్ అను పండితులు వివరించిన మార్గమే ఇందుకు తగినదని నా అభిప్రాయము. ఎందరైనను తెరువవచ్చును; ప్రతి నమోదుకును ఒక కూర్పు సంఖ్య యుండును. ఏడవ కూర్పును తెరచినవాడు భద్రపరచుమన్నప్పుడు, యంత్రము ‘ఇప్పుడున్నది ఏడవదేనా?’ అని చూచును. సర్వేయరు ముందే వ్రాసి దానిని ఎనిమిది చేసియున్నచో, రెండవవాని వ్రాతను ఆపి, రెండింటిని ప్రక్కప్రక్కన చూపును. 1998లో వెలువడిన, సాఫ్టువేరు దోషములను నమోదు చేయు బగ్‌జిల్లా ఇట్టి ఘర్షణకు గగనతలపు ఢీ అను అర్థమిచ్చు పేరు పెట్టినది; 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో దీనిని దిద్దుబాటు ఘర్షణ అందురు. ఒక ఊరి వ్యాసములోని వాక్యమునకు ఉన్నపాటి రక్షణ ఆ ఊరి రైతు అర్జీకి ఉండవలదా?

అన్నిటికిని ఈ కాపలా అక్కరలేదు. అధికారుల వ్యాఖ్యలను ఒకదాని క్రింద ఒకటిగా చేర్చుచు, పాతదానిని చెరుపనీయకున్నచో అందు ఘర్షణయే పుట్టదు. స్థితి, బాధ్యుని పేరు, గడువు తేదీ వంటి ఒకే విలువ పట్టు గడులకే కూర్పు పరీక్ష కావలెను. ‘ఈ అర్జీని మరియొకరు చూచుచున్నారు’ అని తెరమూలలో ఒక మాట కనిపించుట మేలే గాని, అది హెచ్చరిక మాత్రమే. దానిని నమ్మి పరీక్షను మానరాదు.

ప్రభుత్వము ఇట్టి సాఫ్టువేరును కొనునప్పుడు టెండరులో ఈ షరతును వ్రాసి, సొమ్ము చెల్లించుటకు ముందు ఇరువురు ఆపరేటర్లను రెండు యంత్రములయొద్ద కూర్చుండబెట్టి, ఒకే అర్జీని తెరపించి, ఒకరి తరువాత ఒకరిచేత భద్రపరపించవలెను. రెండవవానిని యంత్రము ఆపవలెను. ఆపినప్పుడు, అంతవరకు అతడు కష్టపడి టైపు చేసిన నాలుగు పంక్తులును తెరపై చెక్కుచెదరక నిలిచియుండవలెను.