కారులో ఫ్రిజ్జు పెట్టించే ముందు

వేసవి సెలవులు దగ్గరపడగానే షుగరు వ్యాధి ఉన్నవారి కుటుంబాలు మమ్మల్ని అడిగే ప్రశ్నల్లో ఈమధ్య కొత్తది ఒకటి చేరింది. "ఇన్సులిన్ కోసం కారులో చిన్న ఫ్రిజ్జు పెట్టిద్దామనుకుంటున్నాం, మంచిదేనా?" అని. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో సొంత కార్లు పెరిగాయి. హైదరాబాదుకో విజయవాడకో వెళ్ళిరావడం అటుంచి, పిల్లాపాపలతో వేళాంకణి దాకా కారులోనే వెళ్తున్నారు. అడగడం మంచిదే. కాని చాలామంది ముందు ఫ్రిజ్జు కొంటున్నారు, తర్వాత వైరు ఎక్కడ కలపాలా అని చూస్తున్నారు, మందు సంగతి చివరికి అడుగుతున్నారు. ఈ వరుస తిరగబడాలన్నది మా అభిప్రాయం.

ముందు మందు సంగతి చూద్దాం. ఇంకా వాడని ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడకం మొదలైన బుడ్డిని గాని పెన్నును గాని 25-30 డిగ్రీలు దాటని చోట, ఎండ తగలకుండా, సుమారు నాలుగు వారాలు బయటే ఉంచవచ్చు. రకాన్నిబట్టి ఈ లెక్క మారుతుంది. అట్టపెట్టెలోని కాగితంలో ఉంటుంది, చదవడం కష్టమైతే మందుల షాపులో చదివించుకోండి. అంటే, రోజూ పొడుచుకునే ఇన్సులిన్‌కు మంచులాంటి చలి అక్కర్లేదు, వేడి తగలకపోతే చాలు.

అయితే మన దగ్గర ఆ వేడి తగలకుండా చూడటమే కష్టం. మే నెలలో ఈ మూడు ఊళ్ళలోనూ 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. భోజనానికని రోడ్డు పక్క ఎండలో ఆపి, అద్దాలు మూసి వెళ్ళిన కారు లోపల గంటలో 60 డిగ్రీల దాకా పోతుంది. డాష్‌బోర్డు అరలో పెట్టిన ఇన్సులిన్ ఆ ఒక్క పూటకే దెబ్బతినవచ్చు. చూడటానికి మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. అది పొడుచుకున్నవారు "మందు మానలేదు కదా, షుగరు నాలుగు వందలెందుకుంది?" అని ఆశ్చర్యపోతారు.

అంతకన్నా మమ్మల్ని బాధపెట్టేది ఇంకొకటుంది. మందు చల్లగా ఉంచలేమన్న భయంతో "రెండు రోజులే కదా" అని ప్రయాణంలో ఇన్సులిన్ మానేసేవారు ఉన్నారు. చిన్నతనంలోనే షుగరు వచ్చి పూర్తిగా ఇన్సులిన్ మీదే ఆధారపడిన పిల్లలకు ఆ రెండు రోజులే ప్రాణం మీదికి తెస్తాయి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలై స్పృహ తప్పే దాకా వస్తుంది. ఫ్రిజ్జు ఉన్నా లేకపోయినా ఇన్సులిన్ మానకూడదు.

ఉదయం బయలుదేరి రాత్రికి ఇల్లు చేరే ప్రయాణానికి ఫ్రిజ్జు అవసరం లేదు. వెడల్పు మూతి ఉన్న ఫ్లాస్కు గాని, ఐసుప్యాకులు పెట్టే డబ్బా గాని చాలు. టీకాలు వేయడానికి వచ్చే ఏ.ఎన్.ఎం. గారి భుజాన డబ్బా చూసే ఉంటారు. ఐసుప్యాకును డీప్ ఫ్రీజరులోంచి తీసి అలాగే అందులో పెట్టకూడదని వారికి శిక్షణలో నేర్పుతారు. కాసేపు బయట ఉంచి, ఊపితే లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వచ్చాకే పెట్టాలి. ఎందుకంటే గడ్డకడితే చాలా టీకాలు మళ్ళీ పనికిరావు. ఇన్సులిన్‌కూ ఇదే వర్తిస్తుంది. ఒక్కసారి గడ్డకడితే కరిగాక కూడా పారేయవలసిందే. బుడ్డిని మెత్తని బట్టలో చుట్టి, ఐసుకు నేరుగా తగలకుండా పెట్టండి.

ఇక రోజుల తరబడి తిరిగేవారికి, కొత్త బుడ్డీలు వెంట తీసుకువెళ్ళవలసినవారికి ఫ్రిజ్జు ఉపయోగమే. అయితే బజారులో రెండు రకాలున్నాయి. చవకలో దొరికేదానిలో కంప్రెసరు ఉండదు. అది చుట్టూ ఉన్న గాలికన్నా 15, 20 డిగ్రీలు తగ్గించగలదు, అంతే. కారులో 45 ఉంటే లోపల 25, కారులో 60 ఉంటే 40. పేరుకు ఫ్రిజ్జేగాని కొత్త ఇన్సులిన్ దాచడానికి పనికిరాదు. ఇంటి ఫ్రిజ్జులా కంప్రెసరు ఉన్నదే 2-8 డిగ్రీలు నిలబెడుతుంది. దాని ఖరీదు బాగా ఎక్కువ. ఆ డబ్బుతో మామూలు ఇన్సులిన్ చాలా నెలలకు వస్తుందని కూడా లెక్క వేసుకోండి. కొంటే 4, 5 డిగ్రీల దగ్గర పెట్టి, లోపల చిన్న థర్మామీటరు ఉంచండి. కూల్‌డ్రింకులు త్వరగా చల్లబడాలని పిల్లలు మీట తిప్పి సున్నా కిందికి తెస్తే ఇన్సులిన్ కాస్తా గడ్డకడుతుంది.

వైరింగు గురించి కాస్త వివరంగా చెప్పాలి. అరవై వాట్ల ఫ్రిజ్జు 12 వోల్టుల మీద సుమారు 5 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. సిగరెట్ లైటరు సాకెట్టుకు సాధారణంగా 10 లేక 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. ఫ్రిజ్జు ఒక్కటే పెడితే సరిపోతుంది. దానికే మూడు నోళ్ళ ప్లగ్గు తగిలించి ఫోన్ ఛార్జరు, టైరుకు గాలికొట్టే పంపు కలిపితే ఫ్యూజు పోతుంది. ఇంట్లో ఫ్యూజు పోతే లావు తీగ చుట్టే అలవాటు మనకుంది కదా, కారులోనూ అదే చేస్తారు. బ్యాటరీ 12 వోల్టులే, షాకు కొట్టదు, నిజమే. కాని వైరు ఎక్కడైనా ఒరిసి బాడీ ఇనుముకు తగిలిందంటే వందల ఆంపియర్లు ఒక్కసారిగా ప్రవహించి వైరు ఎర్రగా కాలుతుంది. ఫ్యూజు ఉన్నది ఫ్రిజ్జును కాపాడటానికి కాదు, ఆ వైరు నిప్పు కాకుండా ఆపడానికి. కాలిన గాయాలకు కట్లు కట్టేవాళ్ళం గనుక కాస్త గట్టిగానే చెబుతున్నాం.

డిక్కీలో ఫ్రిజ్జు పెట్టేవారు బ్యాటరీ నుండి విడిగా వైరు వేయించడం మేలు. సుమారు 5 మీటర్ల దూరానికి 1 చదరపు మిల్లీమీటరు సన్నవైరు వేస్తే, రానుపోను కలిపి ముప్పావు వోల్టుకు పైగా దారిలోనే పోతుంది. బ్యాటరీ తగ్గిందనుకుని ఫ్రిజ్జు దానంతటదే ఆగిపోతుంది. ప్లస్సుకూ మైనస్సుకూ 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అడగండి. 15 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ ప్లస్సుకు జానెడు దూరంలోనే ఉండాలి, డిక్కీలో కాదు. వైరు ఇనుపరేకులోంచి దూరే చోట రబ్బరు బుష్షు వేయాలి. ఈ పని కారు వైరింగు చేసే ఎలక్ట్రీషియన్‌దే, ఇళ్ళ వైరింగు చేసే అబ్బాయితో కానివ్వకండి. కొత్త కారైతే వారంటీ సంగతి షోరూములో ముందే అడగండి. మిర్యాలగూడ మిల్లుల దగ్గర లారీలు నడిపే సోదరులకు ఒక మాట: పెద్ద లారీల్లో సాధారణంగా 24 వోల్టులుంటాయి, 12 వోల్టులకే చేసిన ఫ్రిజ్జు కాలిపోతుంది.

చాలా కార్లలో తాళం తీయగానే సాకెట్టుకు కరెంటు ఆగుతుంది. బ్యాటరీ నుండి నేరుగా తీసుకుంటే ఆగదు. కాని చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్-అవర్లదైతే, ఇంజను ఆపి ఫ్రిజ్జు తిప్పిన మూడు నాలుగు గంటలకే స్టార్టు కాని పరిస్థితి రావచ్చు. వోల్టేజి తగ్గగానే ఆపేసే ఏర్పాటున్న ఫ్రిజ్జు కొనండి. రాత్రి బస చేసిన చోట మందును గదిలోకి తీసుకువెళ్ళండి.

దారిలో ఎంతసేపు పడుతుందో ముందుగా చెప్పలేం. సంక్రాంతి రద్దీలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల దగ్గర కార్లు బారులు తీరడం ఏటా చూస్తున్నదే. కాబట్టి ఫ్రిజ్జు ఉన్నవారు కూడా ఒక ఫ్లాస్కు, రెండు బుడ్డీలు వేర్వేరు సంచుల్లో, డాక్టరు చీటీ, షుగరు చూసుకునే మిషను వెంట ఉంచుకోవాలి. ఎన్ని రోజుల ప్రయాణమో, రోజుకు ఎన్ని యూనిట్లు పొడుచుకుంటున్నారో రాసుకుని బయలుదేరడానికి వారం ముందు వస్తే, ఎన్ని బుడ్డీలు కావాలో, అసలు ఫ్రిజ్జు అవసరమో కాదో కూర్చుని లెక్క చూద్దాం.