కడుపులోని అమానత్

గర్భవతికి ఇన్సులిన్ సూది రాశారని తెలియగానే మన ఇళ్ళలో మూడు సందేహాలు తలెత్తుతాయి. సూది మీద ఆధారపడటం తవక్కుల్‌కు విరుద్ధం కాదా? అందులో పందికి సంబంధించిన పదార్థం ఉంటుందేమో? రమజాన్ రోజాల సంగతి ఏమిటి? మా నర్సీపట్నంలో మదర్సాకు వచ్చే పిల్లల తల్లిదండ్రులు కూడా ఇవే అడుగుతుంటారు. సమాధానం దొరకక సూది మానివేసే సోదరీమణులు ఉన్నారు. ఆ నష్టం నోరులేని బిడ్డ మీద పడుతుంది. అందుకే ఈ మాసం ఈ విషయం ముచ్చటించుకుందాం.

ముందుగా వ్యాధి స్వభావం తెలుసుకోవాలి. గర్భధారణలో మావి నుండి వెలువడే హార్మోన్లు తల్లి శరీరంలో ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. కొందరిలో దీనివల్ల రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఆ చక్కెర మావిని దాటి బిడ్డను చేరుతుంది. బిడ్డ అతిగా బరువు పెరగవచ్చు, కాన్పు కష్టం కావచ్చు, పుట్టిన కొద్ది గంటలలోనే శిశువు రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. నిర్లక్ష్యం చేస్తే గర్భంలోనే ప్రాణానికి ముప్పు రావచ్చు. తల్లి తీసుకునే ఇన్సులిన్ మాత్రం దాదాపుగా మావిని దాటదు. కనుక బిడ్డకు హాని చేసేది అదుపు తప్పిన చక్కెరే గాని, సూది కాదు.

ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ప్రతి గర్భిణికీ మొదటిసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఒకసారి, 24 నుండి 28 వారాల మధ్య మరొకసారి ఈ పరీక్ష చేయాలి. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి తాగించి, 2 గంటల తర్వాత రక్తం చూస్తారు. 140 లేదా అంతకు మించితే మధుమేహంగా పరిగణిస్తారు. మొదట రెండు వారాలు ఆహార నియమం, నడక సూచిస్తారు. అప్పటికీ భోజనం చేసిన 2 గంటలకు చక్కెర 120 లోపుకు రాకపోతేనే మందు మొదలుపెడతారు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ప్రత్యేకంగా ఉచిత పరీక్షలు జరుగుతాయి. గొలుగొండ, నాతవరం వంటి మండలాల నుండి వచ్చే సోదరీమణులు ఆ రోజును సద్వినియోగం చేసుకోవాలి.

ఇక మొదటి సందేహం. వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) స్వయంగా ఆదేశించారు. ఒంటెను కట్టివేసి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయాలని బోధించారు. సాధనాన్ని సృష్టించినవాడు అల్లాహ్‌యే. దానిని ఉపయోగించుకోవడం తవక్కుల్‌లో భాగమే.

రెండవది. పూర్వం ఇన్సులిన్‌ను పశువుల, పందుల క్లోమ గ్రంథుల నుండి తీసేవారు. మానవ ఇన్సులిన్‌ను సూక్ష్మజీవుల ద్వారా తయారుచేసే విధానానికి 1982లో అమెరికాలో అనుమతి లభించింది. నేడు మన మందుల దుకాణాలలో దొరికేది సాధారణంగా ఈ విధంగా తయారైనదే. ఇంకా సంశయముంటే డాక్టరును అడిగి తెలుసుకోండి. అంతవరకు సూది మాత్రం ఆపకండి.

మూడవది అతి ముఖ్యమైనది. సూది వల్ల రోజా భంగం కాదని నేటి ఉలమాలో అత్యధికుల అభిప్రాయం. పోషకాలు లేని సూదులు రోజాను భంగపరచవని 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ కూడా తీర్మానించింది. అయితే ఈ ఫత్వాను చూసి కొందరు, ‘సూది వేసుకుని రోజా ఉండవచ్చు కదా’ అనుకుంటారు. ఇది వేరు, అది వేరు. సూది రోజాను చెడగొట్టదన్నంత మాత్రాన, సూది వేసుకునే గర్భిణికి రోజా క్షేమమని అర్థం కాదు. ఇన్సులిన్ శరీరంలో పనిచేస్తుండగా కడుపు ఖాళీగా ఉంటే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ కలుగుతాయి. స్పృహ కూడా తప్పవచ్చు. వ్యాధిగ్రస్తులకు దివ్య ఖుర్ఆన్ (అల్ బఖరా 184, 185) మినహాయింపు ఇచ్చింది. గర్భిణికి, పాలిచ్చే తల్లికి రోజా విషయంలో సడలింపు ఉన్నదని దైవప్రవక్త (స) తెలియజేశారు. హనఫీ ఫిఖ్ ప్రకారం తర్వాత వీలైనప్పుడు ఖజా చేస్తే సరిపోతుంది. డాక్టరు వద్దన్న తర్వాత రోజా మానిన కోడలిని చిన్నచూపు చూడటం అల్లాహ్ ఇచ్చిన సౌకర్యాన్ని చిన్నచూపు చూడటమే అవుతుంది.

ఈ బాధ్యత ఆమె ఒక్కదానిది కాదు. ‘ఇద్దరి తిండి తినాలి’ అంటూ అన్నం, మిఠాయి కొసరి కొసరి వడ్డించే అత్తగారు, వేళకు భోజనం అందేలా చూస్తే అది గొప్ప మేలు. అందరూ తిన్నాకే కోడలు తినాలన్న అలవాటు ఇక్కడ ప్రమాదకరం. ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్‌ను నీళ్ళు చల్లిన మట్టికుండలో చల్లగా ఉంచే బాధ్యత భర్త తీసుకోవాలి. చక్కెర 70 కంటే తగ్గితే, లేదా పైన చెప్పిన లక్షణాలు కనబడితే, వెంటనే మూడు చెంచాల గ్లూకోజ్ గాని పంచదార గాని నీళ్ళలో కలిపి తాగించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. డాక్టరును అడగకుండా మోతాదు మార్చరాదు. కాన్పు తర్వాత 6 వారాలకు మళ్ళీ పరీక్ష చేయించాలి. చాలామందికి అప్పటికి చక్కెర సాధారణ స్థాయికి వచ్చినా, ముందుముందు మధుమేహం రాగల అవకాశం వారిలో ఎక్కువ.

బిడ్డ అల్లాహ్ ఆ ఇంటికి అప్పగించిన అమానత్. తల్లి దానిని తన దేహంలో మోస్తుంది. ఆ తల్లిని మోయవలసింది ఇంటిల్లిపాదీ. అల్లాహ్ మన తల్లులకు, బిడ్డలకు ఆరోగ్యాన్ని, మనకు వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.