గొంతు క్యాన్సర్ పాఠంలో హెచ్‌పీవీకి చోటేదీ?

గొంతు క్యాన్సర్ అనగానే బీడీ, చుట్ట, గుట్కా, మద్యం గుర్తొస్తాయి. అందులో తప్పేమీ లేదు. మన దేశంలో నోరు, గొంతు క్యాన్సర్లకు ఇప్పటికీ పొగాకే ప్రధాన కారణం. కానీ ఈ అలవాట్లేవీ లేనివారికీ టాన్సిల్స్‌లో, నాలుక మొదట్లో క్యాన్సర్ రావచ్చు. దానికి కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ. ముఖ్యంగా అందులోని 16వ రకం. అమెరికాలో గొంతు వెనక భాగంలో వచ్చే క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి ఈ వైరస్‌తో సంబంధం ఉంది. మన దగ్గర ఆ వాటా తక్కువే. అయినా పొగాకు ముట్టని రోగి ఎదురైనప్పుడు వైద్యుడికి ఈ సంగతి గుర్తు రావాలి కదా!

వైద్య విద్యార్థికి హెచ్‌పీవీ గైనకాలజీ పాఠంలో, గొంతు క్యాన్సర్ ఈఎన్‌టీ పాఠంలో ఎదురవుతాయి. రెంటినీ కలిపి చెప్పకపోతే నష్టపోయేది రోగే. ఈ క్యాన్సర్ చాలామందిలో మెడ మీద నొప్పిలేని గడ్డగా మొదట బయటపడుతుంది. పొగ తాగరన్న ధీమాతో యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు రాస్తూ పోతే నెలలు గడిచిపోతాయి. మెడలో గడ్డ, ఒకవైపే టాన్సిల్ వాపు, మింగడంలో ఇబ్బంది, ఒకవైపు చెవిపోటు... వీటిలో ఏదైనా రెండు మూడు వారాలకు మించి ఉంటే ఈఎన్‌టీ నిపుణుల దగ్గరకు పంపాల్సిందే. నోటిని ఎక్కువగా చూసేది దంతవైద్యులే కాబట్టి ఈ పాఠం వారికి మరీ ముఖ్యం.

గర్భాశయ ముఖద్వారానికి పాప్ పరీక్ష ఉంది. గొంతుకు అలాంటి ముందస్తు పరీక్ష లేదు. అందుకే టీకాకు ఇంత ప్రాధాన్యం. ఇది వైరస్ సోకకుండా కాపాడుతుంది తప్ప వచ్చిన జబ్బును నయం చేయదు. గొంతు క్యాన్సర్ తగ్గుదలపై నేరుగా ఆధారాలు ఇంకా కూడుతూనే ఉన్నా, టీకా వేసుకున్నవారి నోట్లో ఈ వైరస్ తక్కువగా కనిపిస్తోంది. ఆస్ట్రేలియా 2013 నుంచే మగపిల్లలకూ ఇస్తోంది. మన దేశంలో తయారైన సెర్వావ్యాక్‌కు 9 నుంచి 26 ఏళ్ల ఆడ, మగ ఇద్దరికీ అనుమతి ఉంది. అంటే కాలేజీ బెంచీల మీదున్న విద్యార్థుల్లో చాలామంది స్వయంగా అర్హులే!

అయితే సమాచారం తెలిస్తే చాలదు, చెప్పడమూ రావాలి. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో బాలికలకు ఈ టీకా ఇచ్చిన ప్రాజెక్టు మనకు గుణపాఠం. కొందరు బాలికల మరణాలతో 2010లో అది ఆగిపోయింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. కానీ తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టడం తీవ్ర విమర్శలకు గురైంది. అడగకుండా వేసిన సూది నమ్మకాన్ని పోగొడుతుంది. ‘మా పాపకు పన్నెండేళ్లే, ఇప్పుడే ఎందుకండీ?’ అని తల్లి అడిగితే, వైరస్ ఎదురుకాక ముందు వేస్తేనే పూర్తి ప్రయోజనమని నర్సు నిదానంగా చెప్పగలగాలి. ‘పిల్లలు పుట్టరట’ అన్న భయానికి ఆధారం లేదని విసుక్కోకుండా వివరించాలి. జబ్బు వచ్చినవారి నడవడిని అనుమానించకూడదనీ నేర్పాలి. ఈ వైరస్ చాలా సాధారణం. సోకిన ఎన్నో ఏళ్లకు గానీ క్యాన్సర్‌గా మారదు. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో చెప్పలేం.

ఇందుకు కొత్త కోర్సులేమీ అక్కర్లేదు. ఈఎన్‌టీ, గైనకాలజీ, పిల్లల వైద్య విభాగాలు కలిసి ఒక క్లాసు తీసుకోవాలి. మెడ తడిమి చూడటం, తల్లిదండ్రులతో తెలుగులో మాట్లాడటం ప్రాక్టికల్ పరీక్షలో భాగం కావాలి. మార్కులు లేని పాఠాన్ని మన విద్యార్థులు చదవరన్నది అందరికీ తెలిసిందే.