ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి!

కల్తీ కల్లు ఆగితే ఆసుపత్రులు కిటకిట
ఆందోళన, నిద్ర మాత్రలకూ ఇదే ముప్పు
క్రమంగా తగ్గించడమే శరణ్యం

నిజామాబాద్: కల్తీ కల్లు తాగినవారు ఆసుపత్రి పాలవడం తెలిసిందే. ఆ కల్లు దొరకనివారు సైతం ఆసుపత్రులకు చేరడం తెలంగాణ పల్లెలు చవిచూసిన మరో విషాదం. 2015 సెప్టెంబరులో ఆబ్కారీ శాఖ దాడులు ముమ్మరం చేయడంతో నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మత్తు కలిపిన కల్లుకు కళ్లెం పడింది. రోజుల వ్యవధిలోనే చేతులు వణుకుతూ, నిద్ర కరవై, పొంతన లేని మాటలతో బాధితులు ఆసుపత్రులకు వరుస కట్టారు. కొందరు మూర్ఛలతో పడిపోయారు. మరణాలూ సంభవించాయి. 2020 మార్చి ఆఖరులో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాల వద్ద ఇదే దృశ్యం పునరావృతమైంది.

కల్లులో కలిసేది ఏమిటి?

చెట్టు కల్లు సరిపడా లభించని చోట నీటిలో మత్తు పదార్థాలు కలిపి విక్రయించడం ఏళ్ల తరబడి సాగుతున్న దందా. ఇందుకు వాడే ఆల్ప్రాజోలం, డైజోఫాం నిజానికి తీవ్ర ఆందోళన, మూర్ఛ, నిద్రలేమి వంటి సమస్యలకు వైద్యులిచ్చే మందులు. ఇవి మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం ప్రభావాన్ని పెంచుతాయి. నిత్యం ఈ మందు అందుతుంటే మెదడు దానికి అలవాటుపడి, తన సహజ నియంత్రణను తగ్గించుకుంటుంది. మందు హఠాత్తుగా ఆగితే పగ్గాలు తెగిన ఎద్దుల బండిలా నాడీ వ్యవస్థ అదుపు తప్పుతుంది. చెమటలు, గుండె దడ, వణుకు మొదలవుతాయి. లేనివి కనిపించడం, వినిపించడం, మూర్ఛలు రావడం తీవ్ర దశకు సంకేతాలు. ఆల్ప్రాజోలం శరీరం నుంచి త్వరగా వెళ్లిపోతుంది కనుక ఒకటి రెండు రోజుల్లోనే లక్షణాలు బయటపడతాయి. డైజోఫాం విషయంలో వారం వరకు పట్టవచ్చు. అందువల్ల మొదటి రెండు రోజులు బాగానే గడిచాయన్న ధీమా పనికిరాదు.

ఇంటి మాత్రలతోనూ జాగ్రత్త

కల్లు ముట్టని కుటుంబాలకూ ఈ ముప్పు తప్పదు. ఆందోళనకో, నిద్రకో వైద్యుడు రాసిన మాత్రలను నెలల తరబడి వాడి, నెమ్మదించిందని ఒకరు, అలవాటవుతుందన్న భయంతో మరొకరు, చీటీ గడువు ముగిసి ఇంకొకరు ఒక్కరోజులో ఆపేస్తుంటారు. ఆపై తిరగబెట్టిన ఆందోళనను పాత జబ్బే అనుకుని పొరబడతారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో ఈ తరగతి మందులన్నింటిపైనా అత్యంత తీవ్రమైన హెచ్చరికను తప్పనిసరి చేసింది. హఠాత్తుగా ఆపినా, మోతాదు వేగంగా తగ్గించినా ప్రాణాపాయం కలగవచ్చన్నది అందులోని సారాంశం. మన దేశంలోనూ ఆల్ప్రాజోలం, డైజోఫాం హెచ్1 జాబితాలో ఉన్నాయి. చీటీ లేకుండా వీటిని అమ్మరాదు. అమ్మిన వివరాలను దుకాణదారుడు మూడేళ్లపాటు భద్రపరచాలి.

తగ్గించే తీరు ఇదీ

మానడం తప్పు కాదు, మానే పద్ధతిలోనే ప్రమాదం దాగి ఉంది. అమెరికా వైద్య సంఘాలు 2025లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం రెండు నుంచి నాలుగు వారాలకోసారి మోతాదును 5 నుంచి 10 శాతం మేర తగ్గిస్తూ రావాలి. సాధారణంగా రెండు వారాల్లో 25 శాతానికి మించి తగ్గించరాదు. ఈ లెక్క రోగిని బట్టి మారుతుంది కాబట్టి నిర్ణయం వైద్యుడిదే కావాలి. కల్తీ కల్లు బాధితుల పరిస్థితి మరింత క్లిష్టం. రోజూ ఎంత మందు ఒంట్లోకి వెళ్లిందో తాగినవారికే తెలియదు. అందుచేత ఇంట్లో కొలత ప్రకారం తగ్గించడం అసాధ్యం. ఆసుపత్రిలో వైద్యుల పర్యవేక్షణలో అదే తరగతి మందును కొలతతో ఇచ్చి, క్రమంగా తగ్గిస్తారు. దీన్ని దయ్యమనో, పిచ్చి అనో భావించి గదిలో బంధిస్తే విలువైన సమయం చేజారుతుంది. మూర్ఛ వచ్చినా, మతి తప్పినా తక్షణం 108కి ఫోన్ చేయాలి. సలహా కోసం టెలీ మానస్ 14416 నంబరు అందుబాటులో ఉంది.

దాడులతో పాటే వైద్యం

2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు పలువురిని బలిగొంది. దాడులు ఆపాలని ఎవరూ కోరలేరు. అయితే దుకాణానికి తాళం పడిన రోజే ఆ సమాచారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరాలి. ఆశ కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి లక్షణాలను గుర్తించాలి. జిల్లా ఆసుపత్రిలో పడకలు, మందులు సిద్ధంగా ఉండాలి. కల్తీ చేసిన వ్యాపారికి పడాల్సిన శిక్ష, తెలియక తాగిన కూలీకి మరణశిక్షగా మారకూడదు. ఆబ్కారీ, వైద్య శాఖలు కలిసి కదిలితేనే 2015 నాటి విషాదం మళ్లీ తలెత్తకుండా ఉంటుంది.