మూడెకరాల దీపంత (వాడమాట – 17)

పోయిన నెల మా డిగ్రీ పిల్లలను తీసుకుని హైదరాబాద్ వెళ్లాను. ఒక్క బస్సు. పొద్దున చార్మినార్, మధ్యాహ్నం సాలార్‌జంగ్ మ్యూజియం, పొద్దుగూకే వేళకు హుస్సేన్‌సాగర్. లుంబినీ పార్కు దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగింది. ఎదురుగా తెలంగాణ అమరవీరుల స్మారకం. అద్దంలా మెరిసే స్టీలు ప్రమిద, దాని మీద బంగారు రంగు జ్వాల. పిల్లలంతా ఒకవైపు కిటికీలకు ఎగబడి ఫోన్లు తీశారు. అంతలో వెనక సీటు నుంచి ఒకమ్మాయి అడిగింది: “మేడం, గంత పెద్ద దీపంతల నూనె ఎవలు పోస్తరు?”

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. తిరుగు ప్రయాణంలో రాయగిరి దాటి, మోత్కూరు దాటి, తిరుమలగిరి చౌరస్తాలో దిగేదాకా ఆ ప్రశ్న నన్ను కన్ను మూయనివ్వలేదు. అందుకే మిత్రులారా, పోయిన భాగంలో రోస్టర్ పాయింట్ల మీద మొదలుపెట్టిన చర్చను ఈ వారం పక్కన పెడుతున్నాను. ముందు ఈ నూనె సంగతి తేలాలి.

వస్తువుల ఆకారంలో, జీవాల ఆకారంలో కట్టిన భవనాలు లోకంలో చాలా ఉన్నాయి. అమెరికాలో లాంగ్ ఐలండ్‌లో బాతులు పెంచే ఒక రైతు 1931లో బాతు ఆకారంలో కొట్టు కట్టించి, అందులో బాతులూ బాతు గుడ్లూ అమ్మాడు. 1972లో రాబర్ట్ వెంచురి, డెనీస్ స్కాట్ బ్రౌన్ తమ సహచరుడితో కలిసి లాస్ వెగాస్ కట్టడాల మీద పుస్తకం రాస్తూ, ఇట్లా ఆకారమే సైన్‌బోర్డు అయిపోయిన భవనాలన్నిటికీ ‘బాతు’ అని పేరు పెట్టారు. ఒహాయోలో బుట్టలు అమ్మే లాంగబర్గర్ కంపెనీ 1997లో ఏడంతస్తుల ఆఫీసును అచ్చం బుట్టలా, పైన పట్టుకునే పిడులతో సహా కట్టుకుంది. 2016లో ఉద్యోగులు ఖాళీ చేసి వెళ్లిపోయారు, బుట్ట మిగిలింది. మనకూ ఒకటుంది కదా. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద పోతుంటే కనబడే జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు వారి చేప, 2012 నాటిది. ఆ చేప కడుపులో ఫైళ్లుంటాయి. మన చెరువుల మీద బతికే ముదిరాజులు, గంగపుత్రుల గోడు ఆ ఫైళ్లలో ఎంతుందో అది వేరే చర్చ. అయినా ఒకటి ఒప్పుకోవాలి. బాతు కొట్టులో బాతులే అమ్మారు. బుట్ట ఆఫీసులో బుట్టల లెక్కే చూశారు. చేపలో నడిచేది చేపల పనే. ఆకారం అబద్ధమాడలేదు.

మరి ఈ దీపం ఏమంటోంది?

2023 జూన్ 22న, రాష్ట్ర దశాబ్ది ఉత్సవాల ఆఖరి రోజున, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ దీన్ని ప్రారంభించారు. శిల్పి ఎం.వెంకటరమణారెడ్డి. ఖర్చు దాదాపు 177 కోట్లు. కింద కార్ల పార్కింగ్, లోపల మ్యూజియం, కన్వెన్షన్ హాలు, పైన రెస్టారెంటు అని పత్రికలు బొమ్మలేసి మరీ చూపించాయి. స్థలం 3.29 ఎకరాలు. మా ఊరి లెక్కలో మూడెకరాల పదకొండున్నర గుంటలు.

మూడెకరాలు అనగానే వాడలో ఎవరికైనా గుండెలో ఏదో కలుక్కుమంటుంది. భూమిలేని దళిత కుటుంబానికి మూడెకరాలు ఇస్తామని చెప్పి, 2014 ఆగస్టు 15న గోల్కొండ కోటలో ఆ పథకం మొదలుపెట్టింది ఈ దీపం కట్టిన ప్రభుత్వమే. ఆ మూడెకరాల కోసం ఎదురుచూసి ఎదురుచూసి మరిచిపోయిన ఇళ్లు ఎన్నో మా తిరుమలగిరి మండలంలో ఏ వాడలోనైనా అడగండి. తర్వాత 2021లో మా మండలాన్ని దళితబంధుకు పైలట్ అన్నారు. చింతకాని, చారకొండ, నిజాంసాగర్, తిరుమలగిరి. నాలుగు మండలాలు, ఇంటికి పది లక్షలు. భూమి అడిగితే యూనిట్ ఇచ్చారు. 177 కోట్లను పది లక్షలతో భాగిస్తే 1,770 ఇళ్లు.

ఈ భాగహారం చౌకబారుదని నాకు తెలుసు. ఏ కట్టడాన్నైనా ఇట్లా లెక్కగట్టి తిట్టొచ్చు. 2023 ఏప్రిల్ 14న నిలబెట్టిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాన్ని కూడా ఇదే లెక్కతో తిట్టినవాళ్లున్నారు. వాళ్లకు దళితుల ఇళ్లు గుర్తొచ్చేది విగ్రహం లేచినప్పుడే. అందుకని డబ్బు దగ్గర ఆగను. ఇప్పుడున్న ప్రభుత్వాన్ని మెచ్చుకోవడానికీ ఇది రాయడం లేదు. వాళ్ల గ్యారంటీల్లో ఉద్యమకారులకు 250 గజాల జాగా. ఎకరాలు గజాలయ్యాయి, అంతే. నా కొట్లాట ఆకారంతో.

దీపానికి ఏమేం కావాలి? దీపంత కావాలి, నూనె కావాలి, వత్తి కావాలి. అప్పుడు మంట. స్మారకంలో దీపంత ఉంది, మంట ఉంది. కాలిన వత్తి మాత్రం ఎక్కడా కనబడదు. నిజానికి మా వాడలో నా చిన్నతనంలో వెలిగింది ఈ సోకు దీపంత కాదు, ఎక్క. సీసా మూతకు బొక్క కొట్టి, పాతచీర పీలికను పేని, గ్యాసునూనె పోస్తే ఎక్క. దాని కింద చదువుకున్నవాళ్లకు తెలుసు, తెల్లారేసరికి ముక్కులో మసి ఉంటుంది, వత్తి కొస నల్లగా రాలిపోతుంది. దీపం అంటే మాకు ముందు గుర్తొచ్చేది వెలుతురు కాదు, రేపటికి నూనె ఉందా అన్న మాట.

కాలడమే వత్తి పని. కాలకపోతే అది వత్తి కాదు, గుడ్డపీలిక. చనిపోయిన పిల్లలను దీపంతో పోల్చిన క్షణంలోనే మనం వాళ్లు కాలడానికే పుట్టారని ఒప్పుకుంటున్నాం. వత్తి ఎందుకు కాలిందని ఎవరూ అడగరు. వెలుతురు ఎంతదూరం పడిందనే అడుగుతారు. ఇక ఎవరు కాల్చారు, ఎవరు ఢిల్లీలో నాన్చారు, ఎవరు వేదిక మీద చావు మాటలు మాట్లాడి పిల్లలను రెచ్చగొట్టి తాము క్షేమంగా ఇంటికి పోయారు అన్న ప్రశ్నలకు చోటే లేదు. ఇది మనకు కొత్త తర్కమా? మోయడం ఒకరి ధర్మం, ఊడ్వడం ఒకరి ధర్మం, చదవడం ఒకరి ధర్మం అని చెప్పిన పాత పుస్తకమే స్టీలు తొడుగు తొడుక్కుని సచివాలయం ఎదుట నిలబడింది. అది కూడా అంబేడ్కర్ పేరు పెట్టిన సచివాలయం.

మోత్కూరు దాటేటప్పుడు నేను పిల్లలకు పొడిచేడు ఎటువైపో చూపించాను. కాసోజు శ్రీకాంతాచారి ఊరు. 2009 నవంబర్ 29న ఎల్బీనగర్ చౌరస్తాలో ఒంటికి నిప్పు పెట్టుకున్నాడు, డిసెంబర్ 3న ఆస్పత్రిలో ప్రాణం పోయింది. విశ్వబ్రాహ్మణుల బిడ్డ. ఆ వీడియో చూసినవాళ్లకు ఇప్పటికీ నిద్రలో ఉలికిపాటు వస్తుంది. ఆ రోజు అతని మీద ఉన్నది దీపం కాదు, మంట. దాన్ని ఆర్పడానికి ఉరికినవాళ్లు ఉన్నారు. ఒక మనిషి నిప్పుతో చనిపోతే అతని గుర్తుగా నిప్పునే నిలబెట్టి రాత్రిళ్లు లైట్లు వేసి చూపించడం ఏం సంస్కారం? నీళ్లలో మునిగి చనిపోయినవాడికి బావి ఆకారంలో మేడ కడతామా?

ఈ మాట నా విద్యార్థులకు ఇంకా గట్టిగా చెబుతాను. ఆ పిల్లలను నేను ప్రేమిస్తాను, వాళ్ల చావును ప్రేమించను. వాళ్లు బతికుంటే ఇప్పుడు నలభైకి దగ్గర పడేవాళ్లు. కొలువు కోసం, ఫీజు కోసం, ఇచ్చిన మాట కోసం మాతోపాటు ధర్నాలో కూచునేవాళ్లు. ప్రభుత్వాలకు చనిపోయిన వత్తి ముద్దు, మాట్లాడే మనిషి కాదు.

“దీపం అందరిదీ కదా, ఏప్రిల్ 14న మనం కొవ్వొత్తులు పట్టుకోమా?” అని ఒక తోటి లెక్చరర్ అడిగాడు. పడతాం. కొవ్వొత్తిని చేత పట్టుకుంటాం, మనిషిని కొవ్వొత్తి అనం. బుద్ధుడు ఆఖరి రోజుల్లో ఆనందుడికి చెప్పిన మాట పాళీలో ఉంది. అందులో ‘దీప’ అన్న పదానికి దీపమనీ, దీవి అనీ రెండర్థాలు చెబుతారు. ఏ అర్థం తీసుకున్నా తేలేది ఒకటే, నీకు నువ్వే ఆసరా కావాలని. పక్కవాడి గదిలో వెలుతురు కోసం నువ్వు కాలమని అందులో లేదు.

ఇంకో సంగతి. ప్రపంచంలోనే అతి పెద్ద అతుకులేని స్టీలు కట్టడమని దీన్ని ప్రచారం చేశారు. అతుకు లేకపోవడం గొప్ప ఎప్పుడయింది? మా తాత చెప్పులు కుట్టేవాడు. కొనేవాడు చెప్పును తిప్పి ముందు కుట్టు చూసేవాడు. కుట్టు కనబడితేనే చెయ్యి కనబడుతుంది. ఇక్కడ పలకకు పలక వెల్డింగ్ పెట్టి, ఆ గీతను అరగదీసి, పాలిష్ పట్టారు. గీతతో పాటు కూలీ చెయ్యీ అరిగిపోయింది. అంత నున్నటి దాని మీద పేరు చెక్కడానికి చోటేది? రోడ్డు మీంచి చూసేవాడికి ఆ స్టీలులో అమరుడి పేరు కనబడదు, తన కారు నీడ కనబడుతుంది. ఉద్యమమంతా వేదికల మీద 1200 మంది అన్నారు. అంకె అందరికీ నోటికి వచ్చు. మా క్లాసులో పేర్లు చెప్పమన్నాను. శ్రీకాంతాచారి అన్నారు. కానిస్టేబుల్ కిష్టయ్య అన్నారు. తర్వాత ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. పూలు పెట్టడానికి మాత్రం నాయకులు జూన్ 2న ఇప్పటికీ గన్‌పార్క్‌కే పోతున్నారు, ఎక్కా యాదగిరిరావు చేసిన ఆ పాత స్తూపం దగ్గరికే. వాళ్లకూ ఎక్కడో తెలుసన్నమాట.

వస్తువు ఆకారంలో కట్టడమే తప్పని నేననను. మాకు దగ్గర్లోనే అలాంటిది ఒకటుంది, దాదాపు రెండు వేల ఏళ్ల వయసుది. ఫణిగిరి గుట్ట. ఇప్పుడు నాగారం మండలం, అంతకుముందు మా తిరుమలగిరి మండలమే. గుట్ట మీద మహాస్తూపం ఆనవాళ్లు, విహారాలు, చైత్యాలు. అక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లొచ్చాయి. 2024లో అక్కడే ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. మా పిల్లల్లో సగం మంది ఆ గుట్ట ఎక్కలేదు, అది మా తప్పే.

స్తూపం దేని ఆకారం? హ్యూయెన్‌త్సాంగ్ రాసిపెట్టిన ఒక కథ ఉంది. త్రపుష, భల్లికులనే ఇద్దరు వర్తకులు స్తూపం ఎట్లా కట్టాలని అడిగితే, బుద్ధుడు తన బట్టలు మడతలు పెట్టి కింద పెట్టాడట. దాని మీద తన భిక్షాపాత్ర బోర్లించాడట. పైన చేతికర్ర నిలబెట్టాడట. అంతే, అదే స్తూపం. అంటే అది ఆ మనిషి రోజూ వాడిన వస్తువు, రోజూ తిన్న గిన్నె. దానిలో ఎవరూ కాలనక్కర్లేదు. పైగా గిన్నె బోర్లించడానికి సంఘంలో ఇంకో అర్థం కూడా ఉంది. సంఘానికి కీడు చేసినవాడి ఇంట భిక్ష తీసుకోబోమని భిక్షువులు తీర్మానిస్తే దాన్ని పాత్ర బోర్లించడం అనే అంటారు. 2007లో బర్మాలో సైనిక పాలకుల మీద భిక్షువులు చేసింది అదే, పాత్రలు బోర్లించి వీధుల్లోకి వచ్చారు. బహిష్కరణ అన్న మాటను మన మీద వాడడమే మనం చూశాం. ఇక్కడ గిన్నె పట్టుకున్నవాడు పెట్టేవాణ్ణి బహిష్కరిస్తున్నాడు.

ఆ స్తూపాలను ఎవరు కట్టారో కూడా రాళ్ల మీదే ఉంది. అమరావతి స్తూపం శాసనాల్లో ఒకదానిలో విధికుడనే చర్మకారుడు పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చినట్టు ఉంది. వాళ్ల నాన్న పేరు నాగుడు, ఉపాధ్యాయుడు. పలక మీద తల్లి ఉంది, భార్య ఉంది, అన్నదమ్ములున్నారు, కొడుకూ కూతుళ్లూ ఉన్నారు. తండ్రి పంతులు, కొడుకు తోలు పనివాడు, మొత్తం ఇల్లు రాతి మీద. సుమారు 1800 ఏళ్ల కింద ఒక తోలు పనివాడికి దొరికిన చోటు, 2023లో ప్రాణమిచ్చిన పిల్లలకు ఆ స్టీలు మీద దొరకలేదు. పీహెచ్‌డీ చేసే రోజుల్లో ఈ శాసనం మొదటిసారి చదివినప్పుడు లైబ్రరీలో లేచి నిలబడ్డాను. మా డిపార్ట్‌మెంటులో ఆ పేరు ఎవరూ పలికినట్టు నాకు గుర్తులేదు.

ఆ అమ్మాయి ప్రశ్నకు బస్సులో జవాబు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. ఆ దీపంతలో నూనె ఎవరూ పొయ్యరమ్మా, అది పొయ్యడానికి కట్టింది కాదు.

మనం చేయగల పని ఒకటుంది. తిరుమలగిరి, తుంగతుర్తి, నాగారం, అర్వపల్లి, మోత్కూరు మండలాల్లో ఊరూరా తిరిగి పేర్లు రాసుకుందాం. ఏ పార్టీ లిస్టులో ఉన్నారో లేరో మనకు అక్కర్లేదు. నోట్‌బుక్‌లో గీతలు ఇట్లా కొట్టుకోండి: పేరు, ఊరు, అమ్మ పేరు, నాన్న పేరు, కులం, ఏం చదివారు, ఏ రోజు, ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారు, భూమి ఉందా. ఆ ఇంటివాళ్లు చెప్పనంటే బలవంతం చేయొద్దు, నీళ్లు తాగి వచ్చేయండి. ఫోటోలు వాళ్లను అడక్కుండా తీయొద్దు. లిస్టు తయారయ్యాక ఏ ఊరి రాయి ఆ ఊళ్లోనే, కూడలిలో, చదవగలిగిన ఎత్తులో నిలబెట్టాలని గ్రామసభల్లో అడుగుదాం.

ముందు ఫణిగిరి ఎక్కుదాం. వచ్చే ఆదివారం పొద్దున 8 గంటలకు తిరుమలగిరి చౌరస్తా. నీళ్ల సీసా, నోట్‌బుక్ తెచ్చుకోండి. ఎండ బాగా ఉంటుంది, తలకు తువ్వాల మరిచిపోవద్దు. రోస్టర్ చర్చ 18వ భాగంలో.

జై భీమ్.